గోడమీది ఊపిరితిత్తులు

మన ఏజెన్సీలో చాలా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల గోడలమీద రెండు ఊపిరితిత్తుల బొమ్మ కనిపిస్తుంది. ఒకటి గులాబీ రంగులో, ఇంకొకటి నల్ల మచ్చలతో. కింద నాలుగు మాటలు. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే కళ్లె పరీక్ష చేయించుకోండి. పరీక్షా, మందులూ ఉచితం. ఆరు నెలలు మానకుండా మింగండి. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోండి. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. ఈ నాలుగు మాటలవల్ల బతికినవాళ్లు ఉన్నారు.

అయినా ఆ పోస్టరును ఒక రచనగా చదవాలని నాకు చాలాకాలంగా ఉంది. మనం కథల్నీ కవితా సంపుటాల్నీ సమీక్షిస్తాం. ఐదు వందల కాపీలు వేసి, వంద పంచిపెట్టిన పుస్తకానికి కూడా సభ పెడతాం. మన ఊళ్లలో అక్షరం రానివాళ్లు సైతం బొమ్మ చూసి చదువుకునే ఆ కాగితాన్ని మాత్రం ఎవరూ సమీక్షించరు. టీబీ గురించి మనవాళ్లకు చేరే రచనలు లెక్కపెడితే నాలుగైదే: ఈ పోస్టరు, కళాజాత పాట, ఒక సినిమా, బడిలో చెప్పే ఒక కథ, అప్పుడప్పుడు మన రచయితలు రాసే కథలు. అన్నింటిలోనూ లోపం ఒకటే. ఊపిరితిత్తులు ఉంటాయి, వాటిని మోసే మనిషి ఉండడు. ఆ మనిషికి రాత్రిళ్లు నిద్ర పట్టదనీ, తాను ఇంటికి బరువయ్యానని కుమిలిపోతాడనీ, ఒక్కోసారి చచ్చిపోతే పోలా అనుకుంటాడనీ వీటిలో ఏదీ చెప్పదు.

ఇది ఎవరో ఒకరిద్దరి సంగతి కాదు. పలు దేశాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన 2020 నాటి సమీక్ష ఒకటి, టీబీ ఉన్నవారిలో దాదాపు 45 శాతం మందికి డిప్రెషన్ లక్షణాలు ఉన్నట్టు లెక్కగట్టింది. ఇక టీబీ మన మధ్య ఎంత ఉందో చూడండి. గిరిజన ఆరోగ్యంపై డాక్టర్ అభయ్ బంగ్ నాయకత్వంలోని నిపుణుల కమిటీ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఊపిరితిత్తుల టీబీ గిరిజనుల్లో లక్షకు 703 మందికి ఉంటే, మిగతా జనంలో 256 మందికి. దేశ జనాభాలో మనం 8.6 శాతం. నమోదైన టీబీ రోగుల్లో 10.4 శాతం. ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెడితే, మన కొండల్లో ఎంతమంది నోరు విప్పకుండా ఆ ఆరు నెలలూ గడుపుతున్నారో ఊహకు అందుతుంది. ఊహకే. ఎందుకంటే దగ్గును లెక్కపెట్టినట్టు దిగులును మన ఊళ్లలో ఎవరూ లెక్కపెట్టరు.

సినిమా సంగతి ముందు చెప్పేసుకుందాం, త్వరగా అయిపోతుంది. 1953లో వచ్చిన 'దేవదాసు' తెలుగువాడికి రోగాన్ని అందంగా చూపించింది. ప్రేమ విఫలమై, తాగి తాగి, దగ్గి దగ్గి ప్రియురాలి గుమ్మం ముందు చనిపోయే మనిషిని చూసి మూడు తరాలు ఏడ్చాయి. శరత్ నవల గానీ, నాగేశ్వరరావు నటన గానీ తక్కువవని నేను అనను. కానీ ఆ కథలో నాయకుడు చేసేది మెల్లగా తనను తాను చంపుకోవడం. దాన్ని ప్రేమ అని పిలిచాం. చుట్టూ ఉన్నవాళ్లు బతిమాలతారు, ఏడుస్తారు. అతని మనసుకు కూడా జబ్బు చేసిందని ఎవరికీ తట్టదు. ఇక మన ఊళ్లకు ఆ కథ నుంచి మిగిలింది అందం కూడా కాదు, నింద. దగ్గుతో వచ్చినవాణ్ని మొదట అడిగే ప్రశ్న "తాగుతావా?" అని. తాగుడు టీబీ ముప్పును పెంచుతుంది, నిజమే. ఆకలి కూడా పెంచుతుంది. కిటికీ లేని గదిలో పదిమంది పడుకోవడం, పొయ్యి పొగ కూడా పెంచుతాయి. "నిన్న రాత్రి ఏం తిన్నావు?" అని మొదటి ప్రశ్నగా అడిగినవాళ్లను నేను చాలా తక్కువమందిని చూశాను.

బడిలో చెప్పే కథ దగ్గర కొంచెం ఆగాలి. అది ఉపాధ్యాయులుగా మన చేతిలో ఉన్నది. డిసెంబరు 22న ఆశ్రమ పాఠశాలల్లో కూడా గణిత దినోత్సవం జరుపుతాం. శ్రీనివాస రామానుజన్ ఆస్పత్రిలో ఉండగా హార్డీ చూడటానికి వచ్చి, తాను ఎక్కిన ట్యాక్సీ నంబరు 1729 అని, అందులో విశేషమేమీ లేదని అంటాడు. రామానుజన్ వెంటనే, అది చాలా విశేషమైన సంఖ్య, రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగలిగే సంఖ్యల్లో అదే చిన్నది అంటాడు. ఒకటి ఘనం, పన్నెండు ఘనం. తొమ్మిది ఘనం, పది ఘనం. పిల్లలు లెక్కవేసి చూసి చప్పట్లు కొడతారు. బాగుంటుంది, నేనూ చెప్పాను.

కానీ ఆ మనిషి ఆస్పత్రిలో ఎందుకున్నాడు? ఈ ప్రశ్న పిల్లలు అడగరు, మనం చెప్పం. 1914లో ఇంగ్లండు వెళ్లిన రామానుజన్ 1917లో జబ్బుపడ్డాడు. వైద్యులు టీబీ అనుకుని ఒక శానిటోరియం నుంచి ఇంకోదానికి మార్చారు. (అది టీబీ కాదు, కాలేయానికి పట్టిన అమీబా వ్యాధి అని తర్వాతి కాలంలో ఒక వైద్యుడు వాదించాడు. అయితే అతను బతికిన ఆ రోజుల్లో అతనికి తెలిసిన జబ్బు టీబీయే.) బయట యుద్ధం. చలి. తినగలిగే తిండి దొరకదు. ఇంటి నుంచి భార్య రాసిన ఉత్తరాలు అందవు, అతని ఉత్తరాలు ఆమెకు చేరవు. 1918 తొలి నెలల్లో లండనులో అతను ప్రాణం తీసుకోబోయాడు. బతికి బయటపడ్డాడు. హార్డీ వెళ్లి పోలీసుల నుంచి విడిపించుకొచ్చాడు. అదే ఏడాది రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. ట్యాక్సీ మాట ఆ తర్వాతిది. 1919లో స్వదేశానికి వచ్చి, 1920 ఏప్రిల్ 26న, ముప్పై రెండేళ్ల వయసులో పోయాడు.

ఈ సగం కథను మనం ఎందుకు కత్తిరించాం? పిల్లలు భయపడతారనా? నాకు అలా అనిపించదు. మేధావికి మనసు విరగడం ఉండకూడదని మనకు ఒక నమ్మకం. అందుకే పాఠం అంకెతో మొదలై అంకెతో ముగుస్తుంది. ఏడో తరగతిలో కూర్చున్న పిల్లవాడి ఇంట్లో తండ్రి టీబీ మందులు మింగుతూ గోడవైపు తిరిగి పడుకుని ఉండవచ్చు. 1729 కన్నా, రామానుజన్ కూడా అలా పడుకున్నాడనీ, ఒక స్నేహితుడు వచ్చి పక్కన కూర్చున్నాడనీ తెలియడం ఆ పిల్లవాడికి ఎక్కువ పనికొస్తుంది. హార్డీ మందు తేలేదు. ఒక అంకె తెచ్చాడు, మామూలుగా మాట్లాడాడు. పాఠంలో మనం చెప్పకుండా వదిలేసింది అదే.

ఇక మాటల సంగతి. టీబీ కార్యక్రమం దశాబ్దాలపాటు వాడిన ఇంగ్లీషు మాటలు పోలీసు స్టేషను నుంచి తెచ్చుకున్నట్టుండేవి. దగ్గుతో వచ్చినవాడు 'సస్పెక్ట్', అంటే అనుమానితుడు. మందులు మధ్యలో ఆపినవాడు 'డిఫాల్టర్', అంటే ఎగవేతదారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఈ రెండు మాటల్నీ మార్చింది. కాగితం మీద మారాయి, నోళ్లలో మారలేదు. మన దగ్గర ఇప్పటికీ "వాడు డిఫాల్టర్ అండీ" అని అతని ముందే అంటారు. 1871లో మొదలై 1952 దాకా నడిచిన నేరస్థ తెగల చట్టాల కింద ఎరుకల వాళ్లు పుట్టుకతోనే అనుమానితులుగా బతికారు. అడవిలో కట్టె కొట్టినా, పోడు కొట్టినా మనం అనుమానితులమే. దగ్గినందుకూ అదే మాట పడితే ఆ మనిషి లోపల ఏమవుతుందో మాట తెచ్చినవాళ్లకు తెలియకపోవచ్చు, మనకు తెలుసు. బ్యాంకు అప్పు ఎగ్గొట్టినవాడికీ, పన్నెండు కిలోమీటర్లు నడిచి రాలేక మాత్రలు ఆపినవాడికీ ఒకే పేరు.

టీబీ ప్రచారానికి పెట్టిన నినాదం 'టీబీ హారేగా, దేశ్ జీతేగా'. టీబీ ఓడుతుంది, దేశం గెలుస్తుంది. వినడానికి ఊపుగా ఉంటుంది. ఒక్కసారి రోగి చెవితో వినండి. యుద్ధం టీబీకీ దేశానికీ మధ్య. తాను ఎటువైపు? తన ఒంట్లోనే శత్రువు ఉన్నాడు కనుక తానే యుద్ధభూమి. మూడో నెలలో మందు మానేస్తే దేశాన్ని ఓడించినవాడు. ప్రచారంలో నిలబడిన అమితాబ్ బచ్చన్ తనకు 2000 సంవత్సరంలో వెన్నెముక టీబీ వచ్చి తగ్గిందని బహిరంగంగా చెప్పాడు. అది మంచి పని, చాలామంది పెద్దవాళ్లు చేయనిది. కానీ అతనికి టీబీ వచ్చినప్పుడు ఇంట్లో కంచం వేరు చేసి పశువుల పాకలో పెట్టి ఉండరు.

కంచం మాట ఎందుకు తెచ్చానంటే, పోస్టరు చెప్పని మొదటి విషయం అదే. ఊరిలో ఒకరికి టీబీ అని తేలగానే ముందు కంచం, చెంబు వేరవుతాయి. తర్వాత పడక. తర్వాత పిల్లల్ని దగ్గరకు రానివ్వరు. మా మండలంలో ఒక అక్కకు దగ్గు తగ్గి, ఒళ్లు పెరిగి, కూలికి పోతున్నా కంచం మాత్రం తిరిగి ఇంట్లోకి రాలేదు. పెళ్లైన ఆడపిల్లకైతే చాలాచోట్ల పుట్టింటి దారే. వైద్యం దీనికి ఎప్పుడో జవాబు చెప్పింది. మందులు లేని కాలంలో గాలీ, తిండీ, విశ్రాంతీ తప్ప దారిలేక మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలాంటి శానిటోరియంలు కట్టారు. మందులు వచ్చాక, 1956లో మద్రాసులో ఒక పరిశీలన మొదలైంది. కొందరు రోగులను శానిటోరియంలో ఉంచి, కొందరిని వాళ్ల ఇరుకిళ్లలోనే ఉంచి, ఇద్దరికీ అవే మందులు ఇచ్చారు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు. ఇంట్లో మిగతావాళ్లకు అంటుకునే ప్రమాదం కూడా అందువల్ల పెరగలేదు. ప్రపంచమంతా శానిటోరియంలు మూసుకోవడానికి కారణమైన ఆ పరిశీలన మన పక్కనే జరిగింది. టీబీ గాలి ద్వారా వస్తుంది, కంచం ద్వారా కాదు. మందు సరిగా పనిచేస్తుంటే కొద్ది వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ఈ రెండు వాక్యాలకు పోస్టరులో చోటు దొరకలేదు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమన్న మాటకు దొరికింది. చదివినవాళ్లు ఆ గుడ్డను కంచం దాకా, పడక దాకా తామే సాగదీసుకున్నారు.

పోస్టరు చెప్పని రెండో విషయం మందుల గురించి. రిఫాంపిసిన్ మొదలుపెట్టిన రోజే మూత్రం, చెమట, కన్నీళ్లు కూడా నారింజ రంగుకు తిరుగుతాయి. ప్రమాదమేమీ లేదు. కానీ ముందే చెప్పకపోతే ఆ మనిషి రక్తం పోతోందనుకుని వణికిపోతాడు. ఐసోనియాజిడ్ వల్ల కొందరికి అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి, అరుదుగా మనసు కూడా చెదురుతుంది. బి6 విటమిన్ ఇచ్చేది అందుకే. మామూలు మందులకు లొంగని టీబీకి వాడే వాటిలో సైక్లోసెరిన్ ఒకటి. అది కొందరిలో తీవ్రమైన దిగులునూ, భ్రమల్నీ, చచ్చిపోవాలన్న ఆలోచనల్నీ తెస్తుందని వైద్యులకు బాగా తెలుసు. వాళ్లలో వాళ్లు దానికి 'సైకోసెరిన్' అని మారుపేరు కూడా పెట్టుకున్నారు. ఆ నవ్వులో నిజం ఉంది. నిజం తెలియాల్సింది ముందు రోగికి, ఇంటివాళ్లకు. మందు వేసుకున్నాక మనిషి మారిపోతే అది దెయ్యం పట్టడం కాదు, మనిషి పాడైపోవడం కాదు. మందు ఆపేయకుండా వెంటనే డాక్టరుకు చెప్పాలి. మోతాదు మార్చవచ్చు, మందే మార్చవచ్చు. ఇది తెలియక గురువుల చుట్టూ తిరిగిన ఇళ్లు ఉన్నాయి.

ఇక్కడ ఒక విచిత్రం. మనసు జబ్బుకు మందు దొరికింది కూడా టీబీ వార్డులోనే. 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆస్పత్రిలో ఇప్రోనియాజిడ్ అనే కొత్త టీబీ మందు ఇస్తే, మంచం దిగలేని రోగులు నవ్వసాగారు, వార్డులో నాట్యం చేశారు. డిప్రెషన్‌కు మొదటగా వాడిన మందుల్లో అది ఒకటైంది. తర్వాత కాలేయానికి చెడు చేస్తుందని పక్కన పెట్టారు, అది వేరే కథ. టీబీ, మనసు ఒకే గదిలో పుట్టిపెరిగిన అక్కాచెల్లెళ్లలాంటివి. మన దగ్గర వాటిని విడదీసి గోడ కట్టాం. హైదరాబాదులో ఛాతీ ఆస్పత్రి ఎర్రగడ్డలో ఉంది, మానసిక ఆస్పత్రి కూడా ఎర్రగడ్డలోనే. విశాఖలో ఛాతీ ఆస్పత్రి పెదవాల్తేరులో, మానసిక ఆస్పత్రి చినవాల్తేరులో. ఉట్నూరు నుంచి వచ్చినవాడైనా, పాడేరు నుంచి వచ్చినవాడైనా ఒకదాని దాకా వస్తే రెండోది నడిచే దూరం. కానీ "ఎర్రగడ్డకు పోయాడు" అంటే జనం నవ్వే మాట ఒకటే. ఆ నవ్వుకు భయపడి ఆ కొద్ది దూరం ఎవరూ నడవరు.

ఇంతవరకు ఇతరుల రచనల్ని విమర్శించాను. మనవి తక్కువేం కాదు. మన కథల్లో మూడో పేజీలో పాత్ర దగ్గితే ఆఖరి పేజీలో పోతుందని పాఠకుడికి తెలిసిపోతుంది. దగ్గు మనకు దోపిడీకి గుర్తు. ఆకలీ, కాంట్రాక్టరూ, ఆస్పత్రి లేని ఊరూ అన్నీ ఆ దగ్గులో చూపించేస్తాం. చూపించాలి కూడా. కానీ అలా గుర్తుగా మారాక ఆ మనిషికి బతికే హక్కు పోతుంది. టీబీ ఆరు నెలల మందుతో ఎక్కువమందికి నయమయ్యే జబ్బు. నయమైన ఆదివాసీ పాత్ర మన కథల్లో నాకు కనిపించదు. నయమయ్యాక కూడా పని ఇవ్వని మేస్త్రీ, నయమయ్యాక కూడా పిల్లనివ్వని మేనమామ, ఎప్పటికీ తీరని ఆ ఒంటరితనం కథలు కావా? చావుతో కథ ముగించడం తేలిక. దానివల్ల ఇంకో చిక్కు ఉంది. చచ్చిపోదామా అని ఆలోచించే మనిషి మన కథ చదివితే, తన కథకు అదొక్కటే ముగింపు అనుకుంటాడు.

కళాజాతలు ఇంతకంటే సూటిగా ఉంటాయి. మొదటి సీనులో దగ్గే తండ్రి సారా తాగుతుంటాడు. రెండో సీనులో నాటువైద్యుడు మోసం చేస్తాడు. మూడో సీనులో ఆశా కార్యకర్త వచ్చి మాత్రలు ఇస్తుంది. నాలుగో సీనులో అందరూ డప్పు కొడతారు. మాత్రలకూ డప్పుకూ మధ్య ఉన్న ఆరు నెలలు తెర వెనకాల గడిచిపోతాయి. రాయాల్సింది అవే. ముఖ్యంగా మూడో నెల. దగ్గు తగ్గింది, జనం భయం తగ్గలేదు. కూలి లేదు. 2018లో నెలకు 500తో మొదలై, 2024 నవంబరు నుంచి 1000 అయిన పోషకాహారం డబ్బు బ్యాంకులో పడిందో లేదో తెలియదు, తెలుసుకోవాలంటే సంతరోజున దిగాలి. మాత్రలు చూస్తే కడుపులో తిప్పుతోంది. భార్య మాట్లాడటం మానేసింది. ఈ సీను రాస్తే ఇందులోకి ఒక స్నేహితుడు రావాలి, వచ్చి ఒక ప్రశ్న అడగాలి: "చచ్చిపోవాలని గానీ అనిపిస్తోందా బావా?"

చాలామంది ఉపాధ్యాయులు ఈ ప్రశ్న రాయడానికే జంకుతారు, అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో అని. పుట్టదు. మానసిక వైద్యులు ఏళ్లుగా చెబుతున్నది ఇదే: సూటిగా, ప్రేమగా అడిగితే మనిషికి బరువు దిగుతుంది. అవునంటే తిట్టకూడదు, ఒట్లు వేయించకూడదు. ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు. పత్తి చేలకు తెచ్చిన పురుగుమందు డబ్బాను వేరే ఇంట్లో పెట్టించాలి. పొద్దున్నే ఆరోగ్య కేంద్రానికి తోడు వెళ్లాలి. 14416కు ఫోను చేస్తే టెలి మానస్ వాళ్లు ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. పోలీసు కేసు భయం ఉంటే, అలాంటి ప్రయత్నం చేసినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా చూసి శిక్షించకుండా సంరక్షించాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోందని ఆ సీనులోనే ఒక పాత్రతో అనిపించవచ్చు. సిగ్నలు దొరకని ఊళ్లలో ఫోను నంబరు ఒక్కటే చాలదు. అందుకే నాటకంలో స్నేహితుడు ముఖ్యం, నంబరు అతని జేబులో ఉంటుంది.

సీను చివర ఏం జరగాలో నన్ను అడిగితే, రోగి ఏడవనక్కరలేదు, మారిపోనక్కరలేదు. స్నేహితుడు పాకలో ఉన్న కంచం తీసుకొచ్చి కడిగి, అందులోనే ఇద్దరికీ అంబలి పోయాలి. ఇద్దరూ ఆ పక్కఊరి సంత గురించో, కోడిపందెం గురించో మాట్లాడుకోవాలి. ఇదంతా పది నిమిషాల సీను. కళాజాతకు మనకిచ్చే సమయం గంట. నాటువైద్యుడి సీను కొంచెం కుదిస్తే సరిపోతుంది.